పాఠం 6: పాతా కొత్తా కలిసిన నగరం – కొయ్యూరు నుంచి చూసిన విశాఖపట్నం

విషయక్రమం
6.0 లక్ష్యాలు
6.1 పరిచయం
6.2 సంప్రదాయం, ఆధునికత – అర్థాలు
6.3 విశాఖపట్నం నగరంగా ఎదిగిన తీరు
6.4 నగరాకర్షణను పరిశీలించే మూడు ప్రశ్నలు
6.5 మన్యం నుంచి నగరానికి
6.6 సారాంశం
6.7 ముఖ్య పదాలు
6.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సంప్రదాయం, ఆధునికత కలిసిన నగరం మనుషులను ఎందుకు ఆకర్షిస్తుందో వివరించగలుగుతారు.
• జీవన సంప్రదాయానికీ, వారసత్వ చిహ్నానికీ ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఏ నగరంలోనైనా ఈ కలయిక నిజమైనదో, పైపై అలంకారమో పరిశీలించగలుగుతారు.
• మీ ఊరికీ నగరానికీ మధ్య ఉన్న సంబంధాన్ని మీ మాటల్లో రాయగలుగుతారు.

6.1 పరిచయం

మీరు కొయ్యూరులో బస్సెక్కి కృష్ణాదేవిపేట, నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా విశాఖపట్నం చేరారనుకోండి. మీరు కె.జి.హెచ్.లో ఉన్న బంధువును చూడటానికి వచ్చి ఉండవచ్చు, ఏదైనా పోటీ పరీక్ష రాయడానికి వచ్చి ఉండవచ్చు. కాంప్లెక్సులో దిగగానే జనం, హారన్లు, అద్దాల దుకాణాలు, అంతస్తుల మీద అంతస్తులు కనిపిస్తాయి. అది మార్గశిర మాసంలో గురువారం అయితే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొన్న ఆడవాళ్లు గుంపులుగా పాతనగరం వైపు ఆటోలు ఎక్కుతుంటారు. వాళ్లు వెళ్లేది బురుజుపేటలోని కనకమహాలక్ష్మి గుడికి. అక్కడ అమ్మవారికి పైకప్పు లేదు. ఎండకూ వానకూ అమ్మవారు ఆరుబయటే ఉంటుంది. వచ్చిన భక్తులు తమ చేతులతో తామే పూజ చేసుకొంటారు. ఆ వరుసలో ఇంటిపని చేసుకొని బతికే ఆమె ఉంటుంది. ఆమె వెనకే ఆఫీసు గుర్తింపు కార్డు మెడలో వేసుకొన్న అమ్మాయి కూడా ఉంటుంది.

ఇలాంటి దృశ్యం చూసినప్పుడు 'ఈ ఊరు బాగుంది' అనిపిస్తుంది. ఆ మాట చాలామంది అంటారు. అయితే ఎందుకు బాగుందో చెప్పమంటే వెంటనే చెప్పలేం. ఈ పాఠం ఉద్దేశం ఆ 'ఎందుకు'ను విడదీసి చూడటం. విశాఖపట్నం మీకు దగ్గరి పెద్ద నగరం కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకొంటున్నాం.

6.2 సంప్రదాయం, ఆధునికత – అర్థాలు

సంప్రదాయం అంటే పాతది అని మాత్రమే అర్థం చెప్పుకొంటే పొరపాటు అవుతుంది. ఒక తరం చేసే పనిని, పద్ధతిని, నమ్మకాన్ని, నైపుణ్యాన్ని తరవాతి తరం అందుకొని తన అవసరానికి తగినట్లు కొనసాగించడం సంప్రదాయం. ఇందులో 'అందుకోవడం' ముఖ్యం. అందుకొనే చెయ్యి లేకపోతే సంప్రదాయం ఆగిపోతుంది, దాని గుర్తు మాత్రం మిగులుతుంది.

విశాఖలోనే దీనికి ఉదాహరణ ఉంది. భీమిలి వెళ్లే సముద్రతీర రహదారి పక్కన తొట్లకొండ ఉంది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ కొండకు ఆ పేరు వచ్చింది. ఇవాళ అక్కడ ఇటుక పునాదులు, స్తూపం ఆనవాళ్లు ఉన్నాయి. భిక్షువులు లేరు. తొట్లకొండ విలువైన వారసత్వ చిహ్నం. బురుజుపేట గురువారం మాత్రం జీవన సంప్రదాయం. మొదటిదాన్ని కాపాడటానికి కంచె, కాపలా, బోర్డు చాలు. రెండోదాన్ని కాపాడాలంటే దాన్ని ఆచరించే మనుషులు ఆ ఊళ్లో బతకగలగాలి.

ఆధునికత అనే మాటను కూడా భవనాలు, దుస్తులు, ఫోన్ల వరకే పరిమితం చేయకూడదు. పుట్టుకను బట్టి కాక చదువును బట్టి పని దొరకడం, ఆసుపత్రి, రోడ్డు, ఓటు అందరికీ అందుబాటులో ఉండటం, స్త్రీలు తమ సంపాదనను తామే ఖర్చు పెట్టుకోగలగడం ఆధునికతలోని లోపలి భాగాలు. అద్దాల భవనం పైభాగం. నగరంలోని హంగును చూసేటప్పుడు ఈ లోపలి భాగాలు ఎంత ఉన్నాయో కూడా చూడాలి.

6.3 విశాఖపట్నం నగరంగా ఎదిగిన తీరు

విశాఖ మొదట సముద్రం మీద ఆధారపడిన చిన్న పట్నం. అది మహానగరం కావడానికి ప్రధాన కారణం ఇరవయ్యో శతాబ్దంలో ఒకదాని తరవాత ఒకటిగా వచ్చిన సంస్థలు.

• 1923లో కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలైంది. మన్యం మనుషులకు నగరంతో తొలి పరిచయం చాలా సందర్భాల్లో ఈ ఆసుపత్రే.
• 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు స్థిరపడింది. కట్టమంచి రామలింగారెడ్డి దానికి తొలి ఉపాధ్యక్షులు.
• 1933లో ఓడరేవు ప్రారంభమైంది.
• 1948లో ఇక్కడి నౌకానిర్మాణ కేంద్రంలో కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూ సముద్రంలోకి విడిచిపెట్టారు.
• 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' ఉద్యమం సాగింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది.
• 2005లో గాజువాక, పరిసర గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పరచారు. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 17 లక్షలు దాటింది.

ఈ సంస్థల్లో పనిచేయడానికి శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల వారు, ఒడిశా, బెంగాల్, తమిళనాడు, కేరళ వారు వచ్చారు. ఓడరేవు ముఖద్వారం దగ్గరి మూడు కొండలను గమనించండి. ఒకదానిమీద వేంకటేశ్వరుని గుడి, ఒకదానిమీద మరియమాత చర్చి, ఒకదానిమీద దర్గా ఉన్నాయి. రేవులోకి వచ్చే ఓడకు ఈ మూడూ కనిపిస్తాయి. వేరువేరు చోట్ల నుంచి వచ్చినవారు తమ ఆచారాలను వదలకుండా పక్కపక్కనే బతకడం ఓడరేవు పట్నాల స్వభావం.

ఈ ఎదుగుదలకు మూల్యం చెల్లించినవారు కూడా ఉన్నారు. ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాల భూములు తీసుకొన్నారు. ఆ ఊళ్ల గుడులు, చెరువులు, శ్మశానాలు కూడా ఆ భూమిలోనే పోయాయి. నిర్వాసితుల ఉద్యోగాల సమస్య దశాబ్దాలపాటు నలిగింది. నగర సౌందర్యాన్ని వర్ణించేటప్పుడు ఈ భాగాన్ని వదిలివేయకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) వారసత్వ చిహ్నానికీ, జీవన సంప్రదాయానికీ తేడా ఏమిటి? మీ మండలం నుంచి ఒక్కొక్క ఉదాహరణ రాయండి.
(ఆ) విశాఖ ఎదుగుదలకు దోహదం చేసిన మూడు సంస్థలను పేర్కొనండి.

6.4 నగరాకర్షణను పరిశీలించే మూడు ప్రశ్నలు

పాతా కొత్తా ఒకేచోట కనిపించినంత మాత్రాన అవి కలిశాయని చెప్పలేం. హోటలు గుమ్మంలో ఎడ్లబండి చక్రం వేలాడదీయడం కూడా పాతా కొత్తా కలపడమే. కాని ఆ చక్రం ఎవరి బండినీ నడపదు. కలయిక నిజమైనదో కాదో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సంప్రదాయానికి నగరం సమయం ఇస్తున్నదా? చోటు ఇస్తున్నదా? ఆచరించేవారికి సంపాదన ఇస్తున్నదా?

6.4.1 సమయం

సింహాద్రి అప్పన్న పేరు మీకు కొత్త కాదు. అప్పన్న, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం అనే పేర్లు ఉత్తరాంధ్రలో ఊరూరా ఉన్నాయి. సింహాచలం గుడిలో దొరికిన శాసనాల్లో 1098 నాటిది కూడా ఉంది. స్వామి ఏడాది పొడవునా చందనపు పూతలో ఉంటారు. వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం దొరుకుతుంది.

ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరిప్రదక్షిణ మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన భక్తులు కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. ఒకప్పుడు ఆ దారి ఎక్కువగా పొలాలు, తోటల మధ్య సాగేది. ఇప్పుడది హనుమంతవాక, అప్పూఘర్, ఎం.వి.పి. కాలనీ, ఇసుకతోట, మాధవధార వంటి రద్దీ ప్రాంతాల మీదుగా పోతుంది. ఆ రాత్రి వాహనాలను దారి మళ్లిస్తారు. అపార్టుమెంట్లలో ఉండేవారు వీధిలోకి వచ్చి మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర పంచుతారు. మిగతా రోజుల్లో కార్లు పరుగెత్తే రోడ్డు మీద వృద్ధులు చెప్పులు లేకుండా నడుస్తారు.

ఇక్కడ నగరం తన దినచర్యను ఒక రాత్రికి మార్చుకొన్నది. జపాన్‌లోని క్యోటో నగరంలో కూడా ఇలాంటిదే చూస్తాం. అక్కడి గియోన్ ఉత్సవం 869లో మొదలైంది. ఏటా జులైలో ఎత్తైన రథాలు నగర ముఖ్యవీధుల్లో ఊరేగుతాయి. రథాలకు అడ్డు రాకుండా ఆ దారిలోని సిగ్నల్ దీపాలను పక్కకు మడవడానికి వీలుగా అమర్చారు. దీపం కొత్తది, రథం పాతది. నగరం రథాన్ని కుదించలేదు, దీపాన్ని మడిచింది.

6.4.2 చోటు

రామకృష్ణ బీచ్ నుంచి ఉత్తరంగా నడిస్తే సముద్రతీర రహదారి పక్కన పెదజాలారిపేట వస్తుంది. రోడ్డుకు ఒకవైపు ఖరీదైన అపార్టుమెంట్లు, హోటళ్లు ఉంటాయి. ఇంకోవైపు ఇసుకలో పడవలు, ఆరబెట్టిన వలలు, ఎండుచేపల వాసన ఉంటాయి. తెప్పల స్థానంలో చాలావరకు ఫైబర్ పడవలు, వాటికి ఇంజన్లు వచ్చాయి. చేతిలో సెల్‌ఫోన్లు వచ్చాయి. అయినా గాలి ఎటు తిరిగిందో, నీటి రంగు ఎలా మారిందో చూసి చేప జాడ చెప్పగల పెద్దలు ఆ పేటలో ఉన్నారు. మగవాళ్లు తెచ్చిన చేపను ఆడవాళ్లు బేరమాడి అమ్ముతారు.

ఈ జీవనానికి ఒడ్డు కావాలి. పడవ ఈడ్చిపెట్టుకోవడానికి, వల బాగుచేసుకోవడానికి, చేప ఎండబెట్టుకోవడానికి ఇసుక కావాలి. తీరం అందంగా ఉండాలని నగరం కోరుకొన్నప్పుడల్లా, ఆ ఇసుకకు ధర పెరిగినప్పుడల్లా, జాలరుల చోటు ప్రశ్నార్థకమవుతుంది. పార్కులో జాలరి బొమ్మ నిలబెట్టి అసలు జాలరిని ఊరి చివరికి పంపితే, ఆ నగరంలో సంప్రదాయం ఉన్నదని అనలేం. ఏ తీర నగరానికైనా ఇది వర్తిస్తుంది.

6.4.3 సంపాదన

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నియమం అవసరం. కాని ఆ రెండు నెలలు ఇల్లు గడవాలి. అందుకే వేట లేని కాలానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. సంప్రదాయ వృత్తి నిలవాలంటే ఇటువంటి ఏర్పాట్లు కావాలి. పొగడ్తతో పొయ్యి వెలగదు.

సంపాదన ప్రశ్నకు మంచి ఉదాహరణ ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో అంకుడు కర్రను తరిణెపట్టి, లక్క పూసి బొమ్మలు చేస్తారు. రంగులను గింజలు, వేళ్లు, బెరడు వంటి వాటి నుంచి తీస్తారు. రసాయన రంగులు లేని బొమ్మ పసిపిల్లలు నోట్లో పెట్టుకొన్నా ప్రమాదం లేదన్న సంగతి నేటి తల్లిదండ్రులను ఆకర్షించింది. పాత పద్ధతి కొత్త అవసరాన్ని తీర్చింది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే నడిచింది. అయితే అంకుడు కర్ర అడవి నుంచి రావాలి. చెట్టు పెంచకుండా బొమ్మను మాత్రమే మెచ్చుకొంటే కొంతకాలానికి కర్ర ఉండదు, కళా ఉండదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) గిరిప్రదక్షిణ రాత్రి నగరం ఏ మార్పులు చేసుకొంటుంది?
(ఆ) ఏటికొప్పాక బొమ్మలకు నేటి కొనుగోలుదారులలో ఆదరణ పెరగడానికి కారణం ఏమిటి?

6.5 మన్యం నుంచి నగరానికి

ఇప్పటివరకు నగరాన్ని చూశాం. ఇప్పుడు అదే మూడు ప్రశ్నలతో మీ వైపు చూద్దాం.

కొయ్యూరు పేరు చరిత్రలో నిలిచిన రోజు 1924 మే 7. అల్లూరి సీతారామరాజును మంప దగ్గర పట్టుకొని, కొయ్యూరుకు తెచ్చి కాల్చి చంపారు. ఆ పోరాటానికి కారణాల్లో పోడు మీద ఆంక్షలు ఒకటి. నర్సీపట్నం – చింతపల్లి రోడ్డు పనిలో గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించడం మరొకటి. ఒక్క విషయం ఆలోచించండి. రోడ్డు ఆధునికమైనది. ఇవాళ మనందరికీ అది కావాలి. వారు ఎదిరించింది రోడ్డు పేరిట జరిగిన దోపిడీని. ఆధునికత ఎవరి శ్రమతో, ఏ షరతులతో వస్తున్నది అన్న ప్రశ్నను ఈ నేల నూరేళ్ల కిందటే అడిగింది. ఇవాళ విశాఖలో అల్లూరి విగ్రహాలున్నాయి. విగ్రహం వారసత్వ చిహ్నం. ఆ ప్రశ్నను అడుగుతూ ఉండటం జీవన సంప్రదాయం.

థింసాను తీసుకోండి. ఇటుకల పండుగలో, పెళ్లిలో మోరి, కిరిడి, తుడుము, డప్పు మోగుతుంటే ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకొని ఆడవాళ్లు వలయంగా కదులుతారు. చూసేవారు ఎవరో, ఆడేవారు ఎవరో విడిగా ఉండరు. చూస్తున్న అమ్మాయి రెండో నిమిషంలో వలయంలో చేరుతుంది. అదే నృత్యాన్ని నగర వేదిక మీద ఒక అతిథి వచ్చే వేళకు, పది నిమిషాలకు కుదించి ఆడిస్తారు. ఇది తప్పని అనలేం. కళకు పేరు వస్తుంది, కళాకారులకు కొంత డబ్బు వస్తుంది. కాని అడగవలసినవి ఉన్నాయి. పారితోషికం ఎంత? అది ఆడినవారి చేతికే అందుతున్నదా? ఊళ్లో పండుగ రోజున ఆ బృందం ఊళ్లో ఉండగలుగుతున్నదా?

కాఫీ సంగతి దీనికి భిన్నం. విశాఖ మన్యంలో కాఫీ తాతముత్తాతల నాటి పంట కాదు. 1960ల నుంచి అటవీ శాఖ, ఆ తరవాత ఇతర సంస్థలు దాన్ని విస్తరించాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగ ఇవాళ చింతపల్లి, గూడెం కొత్తవీధి, పాడేరు కొండల ముఖచిత్రం. 2017లో పారిస్ నగరంలో 'అరకు' పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956లో ఏర్పడి విశాఖ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కాఫీతోపాటు తేనె, చింతపండు వంటివి కొని నగరంలో అమ్ముతుంది. దీనివల్ల మనకు తెలిసేది ఏమిటంటే, ప్రతి సంప్రదాయమూ ఒకప్పుడు కొత్తదే. రెండు మూడు తరాలు చేతులు మారి, పండించే నేర్పు ఇంటి విద్యగా మారితే కొత్త పంట కూడా సంప్రదాయమవుతుంది. ఆ గింజకు నగరంలో పలికే ధరలో కోసిన చేతికి ఎంత చేరుతుందన్నది మాత్రం ఎప్పుడూ అడగవలసిన ప్రశ్నే.

చివరిగా, మీ గురించి. చదువుకో, ఉద్యోగానికో మీరు నగరానికి వెళ్లవచ్చు. అక్కడ కొందరు యాసను చూసి నవ్వవచ్చు. అప్పుడు చాలామంది ఊరి పేరు చెప్పడం మానేస్తారు. 'నర్సీపట్నం దగ్గర' అని సరిపెడతారు. ఇంటి భాష వచ్చినవారు బస్సులో అమ్మతో ఫోనులో ఆ భాష మాట్లాడటానికి మొహమాటపడతారు. ఇంకొందరు దీనికి వ్యతిరేకంగా, ఊరి గురించి నగరం వినదలచిన అందమైన మాటలే చెబుతారు. రెండింట్లోనూ నష్టం ఉంది. మొదటిదానిలో మీ దగ్గరున్నది పోతుంది. రెండోదానిలో అది బొమ్మగా మారుతుంది.

గుర్తుంచుకోవలసింది ఒకటుంది. మీరు మెచ్చుకొనే నగరం కూడా ఇలా ఊళ్ల నుంచి వచ్చినవారితోనే తయారైంది. బురుజుపేట వరుసలో నిలబడ్డవారు, గిరిప్రదక్షిణలో నడిచేవారు చాలామంది ఒక తరం కిందట పల్లె నుంచి వచ్చినవారే. వారు తెచ్చుకొన్నదాన్ని వదలకుండా కొత్త పని నేర్చుకొన్నారు. నగరానికి ఆకర్షణ అలా వచ్చింది. మీరు కూడా అక్కడికి వట్టి చేతులతో వెళ్లడం లేదు.

అభ్యాసం
మీ ఇంట్లోగాని, వీధిలోగాని అరవై ఏళ్లు దాటిన ఒకరితో మాట్లాడండి. వారికి తెలిసిన ఒక పని (విత్తనం దాచడం, తేనె తీయడం, అడ్డాకుల విస్తరి కుట్టడం, పాట, వైద్యం వంటివి) ఎవరి దగ్గర నేర్చుకొన్నారో, ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నారో అడిగి ఒక పేజీ రాయండి. దానికి సమయం, చోటు, సంపాదన ఉన్నాయో లేవో చివర రాయండి. తరగతికి వచ్చినప్పుడు ఆ పేజీ తెచ్చి చదివి వినిపించండి.

6.6 సారాంశం

సంప్రదాయం, ఆధునికత కలిసిన నగరం మనుషులను ఆకర్షిస్తుంది, ఎందుకంటే అక్కడ కొత్త అవకాశం దొరుకుతుంది, దానికోసం తమదైనదాన్ని పూర్తిగా వదులుకోనక్కరలేదన్న ధైర్యమూ దొరుకుతుంది. ఈ కలయిక నిజమైనదైతే సంప్రదాయానికి సమయం, చోటు, ఆచరించేవారికి సంపాదన ఉంటాయి. గిరిప్రదక్షిణ సమయానికి, పెదజాలారిపేట చోటుకు, ఏటికొప్పాక బొమ్మలు సంపాదనకు ఉదాహరణలు. ఈ మూడూ లేనప్పుడు సంప్రదాయం అలంకారంగా మిగులుతుంది. ఆధునికతను దాని హంగును బట్టి కాక, అది ఎవరికి అందుతున్నది, ఎవరి శ్రమతో వస్తున్నది అన్నదాన్ని బట్టి అంచనా వేయాలి.

6.7 ముఖ్య పదాలు

జీవన సంప్రదాయం: మనుషులు నేటికీ ఆచరిస్తూ తరవాతి తరానికి అందిస్తున్న పద్ధతి లేదా నైపుణ్యం.
వారసత్వ చిహ్నం: గతానికి గుర్తుగా మిగిలి, కాపాడుకోవలసిన కట్టడం, వస్తువు లేదా స్థలం.
నిర్వాసితులు: ప్రాజెక్టుల కోసం ఇళ్లు, భూములు కోల్పోయి వేరేచోటికి వెళ్లవలసి వచ్చినవారు.
భౌగోళిక గుర్తింపు: ఒక ప్రాంతానికే ప్రత్యేకమైన ఉత్పత్తికి చట్టం ఇచ్చే రక్షణ. ఆ పేరును ఇతర ప్రాంతాలవారు వాడుకోకూడదు.

6.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నగరాకర్షణను పరిశీలించే మూడు ప్రశ్నలను విశాఖపట్నం ఉదాహరణలతో వివరించండి.
2. 'ప్రతి సంప్రదాయమూ ఒకప్పుడు కొత్తదే' – మన్యంలో కాఫీ సాగు ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. థింసా నృత్యం ఊళ్లోనూ, నగర వేదిక మీదా ఎలా భిన్నంగా ఉంటుంది?
2. క్యోటో ఉత్సవానికీ, సింహాచలం గిరిప్రదక్షిణకూ ఉన్న పోలిక ఏమిటి?
3. నగరంలో ఎవరైనా 'మీది ఏ ఊరు?' అని అడిగితే, మీ ఊరిని దాచకుండా, అలంకరించకుండా పరిచయం చేస్తూ రాయండి.